అబ్బాజాన్ సంతకం

మన ఇళ్లలో పెద్దవారికి క్యాన్సర్ ముదిరిందని తెలియగానే పిల్లలమంతా వరండాలో గుసగుసలాడుకుంటాం. 'అబ్బాకు చెప్పొద్దు, బెంగ పెట్టుకుంటారు' అంటాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. చివరికి అబ్బాజానే అడిగారు: 'నా ఒంటి సంగతి నాకే చెప్పరా?' మేం తల దించుకున్నాం.

ఉన్న మందులు పనిచేయక, డాక్టరు క్లినికల్ ట్రయల్ మాట ఎత్తినప్పుడు ఈ దాపరికం అసలే సాగదు. కొత్త మందును మనుషులపై పరీక్షించే పద్ధతి అది. మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం, వివరాలన్నీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. తెలివిలో ఉన్న తండ్రికి బదులు కొడుకు సంతకం చేస్తే చెల్లదు. ఇష్టం లేకపోతే ఆయన ఎప్పుడైనా తప్పుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

మరి సంతానంగా మన పని ఏమిటి? పక్కన కూర్చుని అడగడం. ఇది ఎన్నో దశ? మొదటి దశలో ముఖ్యంగా భద్రత, మోతాదు చూస్తారు. నయమవుతుందన్న హామీ ఉండదు. ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి? దారి ఖర్చులు ఎవరివి? నొప్పి తగ్గించే వైద్యం కొనసాగుతుందా? జవాబులను ఉర్దూలోనో తెలుగులోనో ఆయనకు తెలిసిన మాటల్లో విప్పి చెప్పాలి.

వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. 'ఇక చాలు, ఇంట్లోనే ఉంటాను' అన్నంత మాత్రాన అది నిరాశా కాదు. ఆయన ఏది కోరుకున్నా చేయి వదలకపోవడమే మనం చేయగల ఖిద్మత్.