ఆంగ్లక్రియలు – ఉపసర్గన్యాయము

ప్రాచ్యకళాశాలలో ఆంగ్లము నభ్యసించు విద్యార్థిని మిక్కిలి కలవరపెట్టునవి దీర్ఘపదములు కావు. 'పుట్', 'టేక్', 'లుక్', 'గివ్' మొదలగు చిన్న క్రియలు. 'పుట్' అనగా ఉంచుట యని నేర్చినవానికి 'పుట్ ఆఫ్' వాయిదా వేయుట యనియు, 'పుట్ ఔట్' దీపము నార్పుట యనియు, 'పుట్ అప్ విత్' సహించుట యనియు తెలిసినప్పుడు ఆ భాషకు వ్యవస్థయే లేదని తోచును. వీనిని పట్టికలుగా వ్రాయించి వల్లె వేయించుట పరిపాటి. వల్లె వేయుట దోషము కాదు. అమరకోశమును అట్లే నేర్తురు. కాని అమరమునకు వర్గవిభాగము కలదు. ఈ పట్టికలకు అకారాదిక్రమము తప్ప వేఱొక ఆధారము కానరాదు.

'హృ' ధాతువొక్కటే ప్రహారము, ఆహారము, విహారము, పరిహారము అని భిన్నార్థముల నిచ్చుట చూచి సంస్కృతచ్ఛాత్రుడు ఆశ్చర్యపడడు. తెలుగున 'పడు' క్రియ లోబడు, బయటపడు, వెనుకబడు అని మాఱుటయు వానికి వింత కాదు. ఆంగ్లమున జరుగునదియు నిదియే. అచ్చట ఆ చిన్నపదము క్రియకు తరువాత వచ్చుటయే వానిని తికమక పెట్టుచున్నది. ఉపసర్గలు ధాతువునకు ముందు రావలెనని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 80వ సూత్రము విధించుచున్నది. కాని 81, 82 సూత్రములు ఛందస్సున అవి ధాతువునకు తరువాతను, నడుమ పదాంతరముల వ్యవధానముతోను రావచ్చునని చెప్పుచున్నవి. లౌకికసంస్కృతము విడిచిన ఈ స్వేచ్ఛను ఆంగ్లము నేటికిని అనుభవించుచున్నది. 'టర్న్ ఆఫ్ ది లైట్' అన్నను, 'టర్న్ ది లైట్ ఆఫ్' అన్నను సాధువే. కర్మ సర్వనామమైనచో మాత్రము వ్యవధానము నిత్యము: 'టర్న్ ఇట్ ఆఫ్' అనవలెనే గాని 'టర్న్ ఆఫ్ ఇట్' అనరాదు.

ఇక 'లుక్ ఎట్ ది పిక్చర్' అనుచోట ఈ స్వేచ్ఛ లేదు. 'లుక్ ఎట్ ఇట్' అనియే వాడుక. ఇచ్చటి 'ఎట్' క్రియను అంటి ఉండునది కాదు. తరువాతి నామమును పట్టుకొని దానికి క్రియతో గల సంబంధమును తెలుపునది. పాణిని 83వ సూత్రము మొదలు కర్మప్రవచనీయములను ఉపసర్గలనుండి వేఱుచేసి చెప్పిన ప్రయోజనము ఇచ్చట స్ఫుటమగును. 'రన్ అప్ ది హిల్' అనగా కొండపైకి పరుగెత్తుట. 'రన్ అప్ ది బిల్' అనగా బాకీ పెంచుట. చూచుటకు రెండును ఒకటే. మొదటిదానిలో 'అప్' కొండకు చెందినది, రెండవదానిలో క్రియకు చెందినది. అందుచే 'రన్ ది బిల్ అప్' అనవచ్చును, 'రన్ ది హిల్ అప్' అనరాదు. స్వరమును భేదకమే. 'టర్న్ ఇట్ ఆఫ్' అనుచో ఊనిక 'ఆఫ్' మీదను, 'లుక్ ఎట్ ఇట్' అనుచో 'లుక్' మీదను పడును. వేదమున ప్రధానవాక్యమధ్యమందలి క్రియ అనుదాత్తమై, ఉపసర్గ ఉదాత్తమును నిలుపుకొనుట ఎఱిగినవారికి ఇది వినోదకరము.

అయితే ఈ విభాగము సర్వత్ర నిర్దుష్టము కాదు. 'లుక్ ఆఫ్టర్' అనగా సంరక్షించుట. ఇందు 'ఆఫ్టర్' స్థానము మాఱదు. అర్థము మాత్రము క్రియతో కలిసి ఏకమైనది. 'ది చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్' అని కర్మణిప్రయోగమును కలదు. అకర్మకమైన 'భూ' ధాతువు 'అను' యోగముచే సకర్మకమై 'అనుభూయతే' అని కర్మణి రూపము నందుట దీనికి చక్కని సామ్యము.

ఉపసర్గలకు స్వతంత్రార్థము కలదా యను వివాదము నిరుక్తమంత ప్రాచీనమైనది. విడదీసినచో అవి అర్థమును చెప్పవని శాకటాయనుని మతము. వానికి వివిధార్థములు కలవని గార్గ్యుని మతము. ఆంగ్లబోధనమునకు ఇరువురును కావలెను. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్' అనువానిలో 'అప్' సాకల్యమును, అనగా మిగులకుండ ముగించుటను తెలుపుచున్నది. ఇట్టివానిని గార్గ్యపక్షమున ఒకచోట చేర్చి నేర్పవచ్చును. 'గివ్ అప్' అనగా విడిచిపెట్టుట, 'గివ్ ఇన్' అనగా లొంగిపోవుట. ఇవి శాకటాయనునకు విడువవలసినవి; సముదాయముగనే గ్రహింపవలెను. పట్టికలు మొదటి వర్గమును రెండవదానితో కలిపివేయుటచే విద్యార్థికి శ్రమ హెచ్చుచున్నది.

శబ్దసామ్యమును బట్టి అర్థము నూహించుట మాత్రము ప్రమాదకరము. 'అప్' పదము 'ఉప'కును, 'ఔట్' 'ఉత్'కును, 'ఆఫ్' 'అప'కును జ్ఞాతులని తులనాత్మక భాషాశాస్త్రము నిరూపించినది. అయినను 'ఉప' సామీప్యమును, 'అప్' ఊర్ధ్వతను ముఖ్యముగ బోధించును. జ్ఞాతులు ఒకే ఇంట నుండవలెనను నియమము లేదు.

తెలుగువారి పొరపాట్లకు కారణము వేఱు. 'దానిని గుఱించి చర్చించితిమి' అను వాక్యము మనసున నుండుటచే 'డిస్కస్ అబౌట్' అందురు. ఆంగ్లమున చర్చింపబడు విషయమే సాక్షాత్కర్మ, నడుమ మఱొక పదము పనికిరాదు. 'నాకు వివరింపుము' అను షష్ఠిని నమ్మి 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అందురు. అచ్చట 'టు' ఉండితీరవలెను. 'రిటర్న్ బ్యాక్' అనునది పునరుక్తి. 'రి' అను లాటిను ఉపసర్గయందే మరలుట అను అర్థము కలదు. ఇవి స్మృతిదోషములు కావు, కారకదోషములు. పట్టిక దీర్ఘమైనంత మాత్రమున ఇవి తొలగవు. వాక్యమును విడదీసి, ఏది క్రియకు, ఏది నామమునకు చెందునో చూపినప్పుడే తొలగును.

మొదట చెప్పిన 'పుట్ అప్ విత్' ఇప్పుడు సుబోధమగును. ఇందు 'అప్' ఉపసర్గస్థానీయము, 'విత్' కర్మప్రవచనీయస్థానీయము. మొదటిది 'పుట్'తో కలిసి సహనార్థమును కల్పించుచున్నది, రెండవది సహింపదగిన దానిని వెంటబెట్టుకొని వచ్చుచున్నది. కనుకనే 'పుట్ అప్ విత్ ఇట్' అని సర్వనామము చివరనే నిలుచును. ఆ రెంటి నడుమ దానికి చోటు లేదు.