గొలుసు వేయని సిలిండర్

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కి ములుగు జిల్లా మేడారం ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 5.3, కేంద్రం 40 కిలోమీటర్ల లోతున. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికి ఉరికారు. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం లేదు. అయితే సెలైన్ ఎక్కుతున్న ముసలాయన, సిజేరియన్ కుట్లు పచ్చిగా ఉన్న బాలింత, వెంటిలేటర్ మీది రోగి ఎలా ఉరుకుతారు? పైగా అది రాత్రి డ్యూటీ ముగింపుకొచ్చే వేళ. వార్డులో మనుషులు పలచగా ఉంటారు. అలాంటప్పుడు రోగిని కాపాడేది నర్సు తెగువ ఒక్కటే కాదు, అంతకు ముందే వార్డును సర్దిపెట్టిన తీరు.

2025 సెప్టెంబర్ 14న అస్సాంలో 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. నగావ్‌లోని ఓ ఆసుపత్రిలో నర్సులు పారిపోకుండా పసికందులను పట్టుకుని కూర్చున్న దృశ్యాలను దేశమంతా చూసింది. వాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ ఉన్నవి రెండు చేతులు. పక్కనున్న బీరువా మీద పడితే ఆ చేతులు ఏం చేయగలవు?

ఆక్సిజన్ సిలిండర్‌నే చూడండి. భుజమెత్తు ఉక్కు గొట్టం. నిండుగా ఉంటే లోపలి పీడనం బయటి గాలికి దాదాపు 150 రెట్లు. కిందపడి మెడ దగ్గర వాల్వు విరిగితే రాకెట్టే. గోడకు ఒక కొక్కెం, నడుముకు ఒక గొలుసు, అంతే పని. మంచం చక్రాలకు బ్రేకులు, గోడకు బిగించిన మందుల అలమర, కరెంటు పోతే చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు వెంటిలేటర్ పక్కనే. ఖర్చు తక్కువ కనుకనే కాబోలు, వీటికి ఫైలు కదలదు! భూమి ఊగుతున్నంతసేపూ రోగిని కదపకూడదు. తల మీద దిండు అడ్డంపెట్టి, కిటికీ అద్దాలకు దూరంగా ఉంచి, ఊపు ఆగాకే నడవగలవారిని ముందు మెట్ల మీదుగా దింపాలి. లిఫ్టు జోలికి పోకూడదు.

భవనమే కూలితే ఈ గొలుసులు ఏం చేస్తాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2001 భూకంపంలో భుజ్‌లోని జిల్లా ఆసుపత్రి కుప్పకూలింది. తర్వాత కట్టినదాన్ని కుదుపును తగ్గించే రబ్బరు బేరింగులపై నిలబెట్టారు. మన కొత్త ఆసుపత్రుల డిజైన్లలోనూ భూకంపం లెక్క ఉండి తీరాలి. అయితే ఓ మాదిరి కుదుపుకు భవనం నిలిచినా లోపలి సామాను నిలవదు. ములుగు లాంటి చోట ముందుగా గాయపరిచేది అదే.

యాభై ఏళ్లకోసారి వచ్చేదానికి ఇంత హడావుడా అనేవారూ ఉన్నారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చాక మళ్లీ ఆ స్థాయిది మేడారందే, నిజమే. కానీ రోగులను దింపే క్రమం, చీకట్లో చేతికందే టార్చి, ఎవరు ఎవరిని పట్టుకోవాలో ముందే పంచుకున్న పని మంటలకూ వరదకూ పనికొస్తాయి. 2023 జులైలో ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఇక రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరకు లక్షల జనం మేడారం చేరినప్పుడు వెలిసే తాత్కాలిక వైద్య శిబిరాల్లో సిలిండర్లకు ఆనుకోను గోడ కూడా ఉండకపోవచ్చు. వాటిని నిలబెట్టే ఇనుప చట్రాలు మందుల జాబితాతోపాటే రావాలి.