కట్టినవాళ్లంతా ఒకే టీమ్.. మరి నడిపేవాళ్లు?

కొత్త రోడ్డు వేసిన నెలకే పైపుల కోసం తవ్వేస్తారు. ఎందుకంటే రోడ్డు వేసే శాఖ వేరు, పైపులు వేసే శాఖ వేరు. అందరినీ ముందే ఒక టీమ్‌గా కలిపితే?

లండన్ హీత్రో ఎయిర్‌పోర్టు ఐదో టెర్మినల్‌కు అదే చేశారు. ఎయిర్‌పోర్టు యాజమాన్య సంస్థ బీఏఏ నష్టభారం తనమీదే వేసుకుంది. కంపెనీలు వేరైనా డిజైనర్లు, ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు కలిసి పనిచేశారు. తప్పు ఎవరిదన్న వాదన తగ్గింది, సరిచేయడం మీద దృష్టి పెరిగింది. సుమారు 430 కోట్ల పౌండ్ల టెర్మినల్ అనుకున్న సమయానికే పూర్తయింది. ఇంత పెద్ద పనుల్లో ఇది అరుదే.

కానీ 2008 మార్చి 27న, ప్రారంభమైన రోజే బ్యాగేజీ వ్యవస్థ చేతులెత్తేసింది. సిబ్బందికి శిక్షణ చాలలేదు. కొందరికి పార్కింగే దొరకలేదు! కొద్ది రోజుల్లోనే వందల విమానాలు రద్దయ్యాయి. బీఏఏకూ, టెర్మినల్‌ను వాడే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కూ మధ్య సమన్వయం కొరవడిందని పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది.