దుంపకుళ్లు, ప్రొఫెసర్ మెట్లు

దేశంలో ఇన్ని విశ్వవిద్యాలయాలు, ఇంతమంది ప్రొఫెసర్లు ఉన్నారు కదా, పసుపులో దుంపకుళ్లుకు ఇప్పటిదాకా గట్టి విరుగుడు ఎందుకు రాలేదు? నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్, వేల్పూర్, కమ్మర్‌పల్లి వైపు పసుపు వేసే రైతుకు ఈ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది. జవాబు తెలియాలంటే తెగులు గురించి కొంత, ప్రొఫెసర్ ఉద్యోగం గురించి కొంత తెలుసుకోవాలి. రెండో సంగతి మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పరు.

ముందు తెగులు. ముసురు పట్టి చేనులో నీళ్లు నిలిచాక కింది ఆకుల అంచులు వాడి ఎండుతాయి. కాండం మొదట్లో నీరు పట్టినట్టు మెత్తబడుతుంది. పట్టి లాగితే మొక్క సులువుగా చేతికొస్తుంది. తవ్వి దుంపను నొక్కితే గట్టి పసుపు ఉండాల్సిన చోట కంపు కొట్టే ముద్ద ఉంటుంది. దీనికి ముఖ్య కారణం పిథియం అనే సూక్ష్మజీవి. అది నేలలోనూ ఉంటుంది, విత్తనపు దుంపతోనూ వస్తుంది. అందుకే ఒక్క మందుతో పని కాదు. నీరు పోయే కాలువలు, పంట మార్పిడి, విత్తనశుద్ధి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం, వీటన్నిటితో పాటు తెగులును తట్టుకునే రకం కూడా కావాలి.

ఆ తట్టుకునే రకం దగ్గరే చిక్కంతా. మిరపలోనో వరిలోనో రెండు రకాలను సంకరం చేసి, గింజలు కట్టించి, వాటిలోంచి మంచిదాన్ని ఎంచుకోవచ్చు. పసుపు అలా లొంగదు. ఇది త్రిస్థితిక మొక్క. మామూలు మొక్కల్లో ఒక్కో క్రోమోజోము రెండేసి చొప్పున ఉంటే ఇందులో మూడేసి ఉంటాయి. అందువల్ల పువ్వు పూసినా గింజ కట్టడం అరుదు. రైతుల చేలల్లోంచి వందల దుంపలు సేకరించి, వాటిని పెంచి, ఏటేటా పోల్చి, మెరుగైనదాన్ని ఏరుకోవడమే చాలావరకు మిగిలిన దారి. కోళికోడ్‌లోని భారత సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్లు అరుదుగా కట్టిన గింజల నుంచి కూడా మొక్కలు లేపారు. ప్రభ, ప్రతిభ రకాలు అలా వచ్చినవే. అదే సంస్థ ఇచ్చిన ప్రగతి దాదాపు 180 రోజుల్లో చేతికొస్తుంది. మన దగ్గర ఎర్రగుంటూరు లాంటి పాత రకాలు తొమ్మిది నెలల దాకా చేనులోనే ఉంటాయి.

పసుపు ఏడాదికి ఒక్క పంట కాబట్టి శాస్త్రవేత్తకు ఏడాదికి ఒక్క ఫలితమే వస్తుంది. పరిశోధన కేంద్రంలో కొన్నేళ్లు పోల్చి చూశాక, దేశంలో పసుపు పండే వేర్వేరు చోట్ల మళ్లీ పరీక్షించాలి. ఇందుకు సుగంధద్రవ్యాల అఖిల భారత సమన్వయ పరిశోధన ప్రాజెక్టు ఉంది. 1971లో జీడిమామిడితో కలిపి ఈ ఏర్పాటు మొదలైంది. రకం విడుదలయ్యాక కూడా ఆగాల్సిందే. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం పడుతుంది, ఎకరం నుంచి సుమారు 100 క్వింటాళ్ల పచ్చి దుంప వస్తుంది. అంటే ఏడాదికి పదింతలు. క్వింటాలు కొత్త విత్తనంతో మొదలుపెడితే రెండో ఏడు ఒక ఎకరం, మూడో ఏడు పది, నాలుగో ఏడు వంద ఎకరాలు. అదీ ఏ కుళ్లూ తగలకపోతేనే.

ఇక ప్రొఫెసర్ మెట్ల సంగతి. విశ్వవిద్యాలయంలో మొదటి మెట్టు అసిస్టెంట్ ప్రొఫెసర్, తర్వాత అసోసియేట్ ప్రొఫెసర్, ఆపైన ప్రొఫెసర్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా ఎంపిక కావాలంటే పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం, కనీసం 7 పరిశోధన వ్యాసాలు ఉండాలి. ప్రొఫెసర్‌కు 10 ఏళ్ల అనుభవం, 10 వ్యాసాలు. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు వేరే లెక్కలున్నా, అచ్చయిన వ్యాసాలకు అక్కడా బరువుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అధ్యాపకురాలు కుర్కుమిన్ మీద పని పెట్టుకుంది. కుర్కుమిన్ అంటే పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం. ప్రయోగశాలలో కొన్ని నెలలు కూర్చుంటే ఒక వ్యాసం వస్తుంది. ఇంకొకాయన దుంపకుళ్లును తట్టుకునే రకం కోసం చేనులో దిగాడు. ఏ ఏడైనా వాన సరిగా పడకపోతే తెగులే రాదు, తెగులు రాకపోతే ఆ ఏటి పరీక్ష చెల్లదు. ఎనిమిదేళ్లకు ఇద్దరూ ఇంటర్వ్యూకు కూర్చుంటే ఎవరి కట్ట మందంగా ఉంటుందో ఊహించొచ్చు. కుర్కుమిన్ పని చెడ్డదని నేననడం లేదు. కానీ లెక్క కట్టే పద్ధతే మనుషుల్ని చేను నుంచి ప్రయోగశాల వైపు నెడుతోందని గట్టిగా నమ్ముతున్నాను.

ఆ మందపు కట్టల్లో సరుకెంత అన్న ప్రశ్న కూడా ఉంది. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరిన్ నెల్సన్, సహచరులు కుర్కుమిన్ మీద వచ్చిన పరిశోధనల్ని వడగట్టి చూశారు. ఆ పదార్థం నిలకడ లేనిది, ఒంటికి సరిగా పట్టదు, ప్రయోగశాల పరీక్షల్లో పనిచేసినట్టు భ్రమ కలిగిస్తుంది, మనుషుల మీద పకడ్బందీగా జరిపిన పరీక్షల్లో నెగ్గలేదు అని తేల్చారు. వేల వ్యాసాల తర్వాత తేలిన మాట ఇది.

అయితే వ్యాసాన్ని తీసిపారేయడానికీ లేదు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకుల పనికి, పసుపుతో గాయాలు మాన్పడంపై పేటెంట్ దక్కింది. మన ఇళ్లలో దెబ్బ తగిలితే మొదట వెతికేది పసుపు డబ్బానే. కానీ మా అమ్మమ్మకు తెలుసు అంటే పేటెంట్ కార్యాలయం ఒప్పుకోదు. రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలు, వ్యాసాలు వెతికి ముందు పెట్టింది. వాటిలో 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా ఉంది. 1997లో ఆ పేటెంట్ చెల్లదని తేల్చారు. ఎప్పుడో ఎవరో శ్రద్ధగా రాసి ఉంచిన పేజీలు నలభై ఏళ్ల తర్వాత దేశం తరఫున సాక్ష్యం చెప్పాయి.

మన ప్రాంతానికి దగ్గరగా చూస్తే, ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి వైపు వెళ్లే రహదారిలో కమ్మర్‌పల్లి దగ్గర పసుపు పరిశోధన కేంద్రం ఉంది. అది శ్రీ కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. ఇలాంటి చోట పనిచేసే శాస్త్రవేత్త విశ్వవిద్యాలయ అధ్యాపక వర్గంలో మనిషే. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు బోధన, పరిశోధన, విస్తరణ అన్న మూడు పనులూ ఒకే గొడుగు కింద ఉండాలనుకున్నారు. అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం అప్పట్లో ఇందుకు తోడ్పడింది. ఆలోచన మంచిదే. చిక్కల్లా బదిలీలతో వస్తుంది. ఒక పంట మీద పదేళ్లు పట్టే పని మొదలెట్టిన మనిషి నాలుగో ఏట పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్తే, తర్వాత వచ్చేవారి పీహెచ్‌డీ జామ మీదో టమాటా మీదో అయి ఉండొచ్చు. దుంపలు మడిలోనే ఉంటాయి, వాటి గురించి తెలిసిన మనిషే ఉండడు.

పసుపు చిక్కులన్నీ చేనులోవే కావు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కొమ్ము పసుపుకు, గోళ పసుపుకు పలికే ధర మహారాష్ట్రలోని సాంగ్లీలో పలికే ధర కంటే తక్కువెందుకన్నది ఇక్కడి రైతుల పాత గోడు. గిట్టుబాటు ధర రావడం లేదన్న కోపంతో 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్‌లో పోటీకి దిగారు. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్, తేమ, వ్యాపారుల పోటీ, వీటిలో ధరను తగ్గించేది ఏది, ఎంత? ఇది అర్థశాస్త్ర అధ్యాపకుడు తేల్చాల్సిన ప్రశ్న. 2006లో డిచ్‌పల్లిలో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి యార్డు గంటలోపు దూరమే. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. పదేళ్ల పాటు ఒకే పని మీద ఒకే బృందాన్ని నిలబెట్టే నిధి ఆ బోర్డు ఇవ్వగలిగితే, భవనాల కంటే అదే ఎక్కువ ఉపయోగం.

ఈ ప్రాంతం నుంచి బైపీసీ చదివి ఉద్యానశాస్త్రంలో చేరే పిల్లలకు ఒక మాట. నాలుగేళ్ల బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీలో సిద్ధాంతవ్యాసానికి అంశం ఎంచుకోమంటారు. ఎవరి దగ్గర చేరాలో చూసేటప్పుడు వ్యాసాల సంఖ్య దగ్గరే ఆగిపోవద్దు. ఆ గైడ్ ఒకే పంట మీద ఎన్నేళ్లు వరసగా పనిచేశారు, ఆయన ఇచ్చిన రకమో పద్ధతో ఏ రైతు చేనులో ఉంది, పాత విద్యార్థులు ఏ అంశాల మీద పనిచేశారు, ఇవి అడిగి తెలుసుకోండి. వానాకాలంలో కుళ్లు పట్టిన దుబ్బును ఇంటి చేనులో స్వయంగా తవ్వి చూసినవారికి, పరీక్ష మడిలో ఏం వెతకాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.