క్రోమ్‌లో క్రోమియం ఎంత?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్లేటింగ్ షెడ్డుకి వెళ్లి, పాత స్కూటర్ నుంచి ఊడదీసిన ప్లాస్టిక్ ముక్క చూపించి, దీనికి క్రోమ్ వేస్తారా అని అడిగాను. మేస్త్రీ దాన్ని గోటితో రెండుసార్లు టకటకలాడించి తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "ప్లాస్టిక్ కదండీ, దీంట్లో కరెంటెక్కడ పారుద్ది?" అన్నాడు. మేం నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో ఒక కారు ఆగి ఉంది. దాని ముందు జాలీ, తలుపు పిడులు, వెనకాల కంపెనీ గుర్తు అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. అన్నీ ప్లాస్టిక్కే.

ఆయన చెప్పింది తప్పని కాదు. ఆయన దగ్గరున్న తొట్లలో ఆ పని కాదు, అంతే. క్రోమ్ విషయంలో మనం అనుకునేవి చాలావరకు ఇలాగే ఉంటాయి. మొదలు నిజమే, ముగింపు దగ్గరే దారి తప్పుతాం.

"కరెంటు పారని వస్తువుకు ప్లేటింగ్ ఎలా అవుతుంది?"

కరెంటుతో పూత వేయాలంటే వస్తువులో కరెంటు పారాల్సిందే. అందులో అనుమానం లేదు. అందుకే ప్లాస్టిక్‌కి తొలి పూత కరెంటు లేకుండా వేస్తారు. నికెల్ ఉప్పు కరిగిన నీటిలో హైపోఫాస్ఫైట్ అనే మరో రసాయనం ఉంటే, సరైన ఉపరితలం తగలగానే నికెల్ దానంతటదే లోహంగా మారి అంటుకుంటుంది. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో అబ్నర్ బ్రెన్నర్, గ్రేస్ రిడెల్ 1946లో దీన్ని పనికొచ్చే పద్ధతిగా ప్రకటించారు.

"సరైన ఉపరితలం" అన్నాను కదా, మెలిక అక్కడుంది. ప్లాస్టిక్ మీద ఆ చర్య మొదలవదు. దాన్ని మొదలుపెట్టడానికి పల్లాడియం కావాలి. బంగారం, ప్లాటినంల సరసన నిలిచే ఖరీదైన లోహం అది. కంటికి కనిపించనంత చిన్న పల్లాడియం రేణువులను తగరంతో కలిపిన ద్రావణంలో ముంచితే, అవి ప్లాస్టిక్ ఒంటినిండా విత్తనాల్లా చల్లుకుంటాయి. తగరాన్ని కడిగేసి నికెల్ తొట్టిలో దింపితే ఒక్కో విత్తనం చుట్టూ నికెల్ మొలిచి, అన్నీ కలిసిపోయి పలుచని పొర అవుతుంది. ఈ పల్లాడియం–తగరం ద్రావణానికి చార్లెస్ షిప్లే 1961లో అమెరికాలో పేటెంటు పొందాడు. ప్లాస్టిక్ ప్లేటింగ్ పెద్ద పరిశ్రమగా ఎదిగింది ఆ దశాబ్దంలోనే.

ఆ తర్వాత ప్లాస్టిక్ ముక్క కూడా ఇనుప ముక్కలాంటిదే, కరెంటు పెట్టొచ్చు. మొదట్లో కాస్త మెల్లగా పెట్టాలి. మైక్రాన్‌లో సగం కూడా లేని పొర మీద ఒక్కసారిగా కరెంటు తోస్తే, కొక్కెం తగిలిన చోటే కాలిపోతుంది.

"ఇసుక కాగితంతో గరుకు చేస్తే పూత నిలుస్తుంది"

ఇంటి దగ్గర ప్రయత్నించిన వాళ్లంతా చెప్పే మాట ఇది. నేను కాసేపు ఆగి మాట్లాడాలనుకున్నదీ దీని గురించే. ఎందుకంటే పూత నిలవడమన్న రహస్యమంతా మెరిసే చోట లేదు, ఈ అడుగున ఉంది.

నున్నటి కాంక్రీటుకు గిలాబు చేసేముందు మేస్త్రీలు ఏం చేస్తారు? చిన్న గొడ్డలితో గాట్లు కొడతారు. సిమెంటు ఆ గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. ఇసుక కాగితం కూడా గాట్లే పెడుతుంది. కాకపోతే అవి పైకి విచ్చుకున్న గీతలు. లోహం వాటిలోకి దిగినంత సులువుగానే పైకి లేచొస్తుంది. పైగా ఆ గీతలన్నీ పూతలోంచి కూడా కనిపిస్తాయి. కావలసింది మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండే గుంతలు, మన నీళ్ల కుండలాగా. లోపల గట్టిపడ్డ లోహం మూతిలోంచి బయటికి రాలేదు.

అలాంటి గుంతలను ఏ పనిముట్టుతోనూ చెక్కలేం. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లో మాత్రం అవి ముందే సిద్ధంగా ఉన్నాయి, రబ్బరుతో నిండి. ఏబీఎస్ అంటే అక్రిలోనైట్రైల్, బ్యూటాడైయీన్, స్టైరీన్. గట్టి ప్లాస్టిక్ ముద్దలో బ్యూటాడైయీన్ రబ్బరు సన్నటి గుండ్లుగా చెదిరి ఉంటుంది, లడ్డూలో కిస్మిస్‌లాగా. దెబ్బ తగిలితే పగలకుండా ఉండేందుకు పెట్టిన రబ్బరు అది. లీటరుకు దాదాపు 400 గ్రాముల చొప్పున క్రోమిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60–70 డిగ్రీల వేడిలో ఏబీఎస్ ముక్కను కొన్ని నిమిషాలు ముంచితే, ఆ ఆమ్లం పైపొరలోని రబ్బరును కొరుక్కు తినేస్తుంది, గట్టి ప్లాస్టిక్‌ను పెద్దగా ముట్టుకోదు. కిస్మిస్‌లు ఊడిపోయిన లడ్డూ మిగులుతుంది. నికెల్ వెళ్లి కూర్చునేది ఆ గుంతల్లోనే.

సమయం తక్కువైతే గుంతలు చాలవు. ఎక్కువైతే గుంతల మధ్య గోడలు కూలి మొత్తం పొర బలహీనమవుతుంది. ఏడాది తిరక్కుండానే పొక్కులు లేచిన క్రోమ్ ముక్క చూసినప్పుడు, అసలు దోషం చాలాసార్లు పైనున్న క్రోమ్‌ది కాదు, ఈ అడుగుపనిది. లేదా ముక్కను అచ్చులో పోసేటప్పుడు తొందరపడటం. ప్లాస్టిక్‌ను వేగంగా తోస్తే లోపలి రబ్బరు గుండ్లు సాగి పొడవైపోతాయి. అప్పుడు కుండలు పోయి పళ్లాలు మిగులుతాయి.

"ఏ ప్లాస్టిక్ అయినా ఒకటే"

కాదు. మామూలు బకెట్ల పాలిథీన్‌కు, కుర్చీల పాలీప్రొపిలీన్‌కు ఈ రబ్బరు కిటుకు లేదు. ముక్క వెనకవైపు చూడండి, చాలాసార్లు పదార్థం పేరు అచ్చులోనే పోసి ఉంటుంది. ఏబీఎస్ అని గానీ, పాలీకార్బనేట్ కలిపిన ఏబీఎస్ అని గానీ ఉంటే దారి సులువు. కొన్ని ప్రత్యేక రకాల నైలాన్, పాలీప్రొపిలీన్‌లకు కూడా చేస్తారు గానీ, దానికి వేరే తొట్లు, వేరే లెక్కలు.

"క్రోమ్ దండిగా వేయమని చెప్పండి, మెరుపు నిలుస్తుంది"

మెరుపు క్రోమ్‌ది కాదు. నికెల్ తొలిపొర మీద 15–25 మైక్రాన్ల రాగి వేస్తారు. చిన్న గీతలను పూడ్చి నున్నగా చేసేది రాగే. దాని మీద 10–20 మైక్రాన్ల నికెల్, అద్దంలాంటి తళుకు దానిది. అన్నిటికన్నా పైన క్రోమియం, 0.3 మైక్రాన్ అటూ ఇటూ. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక వెంట్రుక మందంలో రెండొందలకు పైగా క్రోమ్ పొరలు పేర్చొచ్చు. బందరు పక్కన చిలకలపూడిలో నగలకు బంగారు పూత వేసే వాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. పేరు పైదానిది, ఒళ్లు కిందిదానిది.

అంత పలుచని పొరైనా ఎందుకంటే, నికెల్‌ను గాలికి వదిలేస్తే పసుపు తిరిగి మసకబారుతుంది. క్రోమ్ రాకముందు కార్ల మెరుపు భాగాలు చాలావాటికి నికెల్ పూతే ఉండేది, వాటిని పట్టుకుని తోముతూ ఉండాల్సి వచ్చేది. 1924లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కొలిన్ ఫింక్ బృందం క్రోమియం ప్లేటింగ్‌ను వాడుకకు పనికొచ్చేలా కుదిర్చాక ఆ తోముడు తప్పింది. ఆ చల్లని నీలిఛాయ కూడా క్రోమియంతో వచ్చిందే.

ఇక దండిగా వేస్తే జరిగేది మేలు కాదు. క్రోమియం పెళుసు, మందం పెరిగితే బీటలిస్తుంది. ఎండకు ఏబీఎస్ రాగికన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఆ సాగుడును మెత్తని రాగి ఓర్చుకుంటుంది, క్రోమియం ఓర్చుకోదు. కార్ల భాగాలకైతే ఇంకో విచిత్రం. క్రోమ్ పొరలో కావాలనే చదరపు సెంటీమీటరుకు 10,000కు పైగా సూక్ష్మరంధ్రాలు ఉండేలా చూస్తారు. ఒకే ఒక్క చిల్లు ఉంటే తుప్పంతా అక్కడే తవ్వుకుపోతుంది. వేల చిల్లులుంటే నలుగురూ పంచుకున్న బరువులా పలచబడి ఎక్కడా లోతుకు దిగదు.

"క్రోమ్ స్ప్రే డబ్బా కొంటే ఇంట్లోనే అయిపోతుంది"

డబ్బాలో ఉన్నది రంగు. అందులో మెరిసేవి సన్నటి అల్యూమినియం రేకులు. ఆరేటప్పుడు అవి పైకి తేలి వరసగా పడుకుంటే అద్దంలా కనిపిస్తాయి. గీతలు పడకుండా పైన క్లియర్ కోటు కొట్టారో, దాని ద్రావణి ఆ రేకులను కదిలించి అద్దాన్ని వెండిరంగు పెయింటుగా మార్చేస్తుంది. చాలామంది డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం ఇది.

బైకుల ముస్తాబు చేసే దుకాణాల్లో "స్ప్రే క్రోమ్" అని వేసేది వేరే. రెండు ముక్కుల గన్నుతో రెండు ద్రావణాలు ఒకేసారి చిమ్మితే, అవి కలిసిన చోట వెండి పొర ఏర్పడుతుంది. 1835లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ గమనించిన చర్య ఇది, తర్వాత అద్దాల తయారీకి ఆధారమైంది. చూపుకు చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ రకంతో పేచీ లేదు, ఎందుకంటే వెండి కూర్చునేది ప్లాస్టిక్ మీద కాదు, ముందు కొట్టిన పెయింటు మీద. అయితే అందులో క్రోమియం రవ్వంత కూడా లేదు. పైనున్న క్లియర్ కోటే దాని ప్రాణం. అది దెబ్బతింటే వెండి పసుపు పట్టి నల్లబడుతుంది. ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ రెండు ద్రావణాల్లో ఒకటైన, అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌ను రేపటికని సీసాలో దాచొద్దు. నిల్వ ఉంటే పేలే పదార్థంగా మారుతుంది.

"హెడ్‌లైటు లోపలిది కూడా క్రోమే"

అది అల్యూమినియం. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ మీద పట్టిస్తారు. పిల్లల బొమ్మలు, సెంటు సీసాల మూతలు చాలావరకు ఈ బాపతే. హెడ్‌లైటులో అల్యూమినియం వాడేది చవకని మాత్రమే కాదు. కాంతిలో అది 90 శాతం దాకా తిప్పికొడుతుంది, క్రోమియం 65 శాతం దగ్గరే ఆగిపోతుంది.

ముందు రాడార్ ఉన్న కొత్త కార్లలో ఇంకో చిక్కు వచ్చింది. రాడార్‌కు అడ్డంగా ఉండే కంపెనీ గుర్తు వెండిలా మెరవాలి, కానీ తరంగాలను ఆపకూడదు. అందుకు ఇండియం అనే లోహాన్ని ఒకదాన్నొకటి తాకని చిన్నచిన్న దీవుల్లా పట్టిస్తారు. కంటికి అద్దం, రాడార్‌కు కిటికీ.

"క్రోమ్ విషం, ముట్టుకుంటే క్యాన్సర్"

పూతగా ఉన్న క్రోమియం లోహం ముట్టుకుంటే ఏమీ కాదు. విషం అంటే ఆ పూత వేసే తొట్టిలో, ఇందాక రబ్బరును తిన్న ఆమ్లంలో ఉండే ఆరు వేలెన్సీల క్రోమియం. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. తొట్టి మీద లేచే పొగమంచు పీల్చేవాళ్లకు ముక్కు దూలానికి చిల్లులు పడటం ఈ వృత్తిలో పాత జబ్బు. 2017 సెప్టెంబర్ 21 తర్వాత ఐరోపా సమాఖ్యలో ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదు. చివరి పూతకు మూడు వేలెన్సీల క్రోమియం ద్రావణాలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. ఏబీఎస్‌ను కొరికే తొట్టికి ప్రత్యామ్నాయం కుదర్చడమే కష్టమైంది. పర్మాంగనేట్ లాంటివి ఇప్పుడిప్పుడే చోటు సంపాదిస్తున్నాయి. కాబట్టి ఇంటి నల్లాను చూసి భయపడటం అనవసరం. ఆ నల్లాను మెరిపించిన షెడ్డు తన మురుగును ఎక్కడికి వదులుతోందో అడగడం అవసరం.

"ప్లాస్టిక్ కదా, తుప్పు పట్టదు"

ప్లాస్టిక్ పట్టదు, దాని మీదున్న రాగీ నికెలూ పడతాయి. చిల్లు దొరికితే ఆకుపచ్చ మచ్చ లేస్తుంది. అయితే మన ఇళ్లలో షవర్లనూ నల్లా పిడులనూ పాడుచేసేది తుప్పుకన్నా మనమే. బోరు నీళ్ల తెల్లచారలు పోవడానికి బాత్రూం కడిగే ఆమ్లం పోసి తోముతాం. అందులో ఉండేది చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ప్లేటింగ్ షెడ్లలో పాత క్రోమ్‌ను ఊడగొట్టడానికి వాడేదీ అదే. మా ఇంట్లో పండగ ముందు నేనూ ఆ ఘనకార్యం చేశాను. చారలు పోయాయి. వారం తిరిగేసరికి పిడి లేతపసుపు తిరిగింది. క్రోమ్ వెళ్లిపోయి నికెల్ బయటపడిందన్నమాట. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, తడి తుడిచేయడం, మొండి చారకు కాసేపు నిమ్మరసం రాసి వెంటనే కడిగేయడం. ఇంతకుమించి దానికి సేవ అక్కర్లేదు.

కొత్తది కొనడానికి హైదరాబాద్ ట్రూప్ బజార్‌కు వెళ్తూ జేబులో చిన్న గట్టి అయస్కాంతం ఒకటి వేసుకెళ్లాను. దారానికి కట్టి ప్లాస్టిక్ షవర్ పక్కన వేలాడదీస్తే, అసలు ప్లేటింగ్ అయితే లోపలి నికెల్ దాన్ని కొద్దిగా తన వైపు లాక్కుంటుంది. అల్యూమినియం పూతకూ వెండి రంగుకూ ఆ లాగుడు ఉండదు. దుకాణదారు కాసేపు వింతగా చూశాడు. మూడో షవర్ దగ్గర దారం కదిలింది. "ఏంటి సార్, ఇది ఇనుమా?" అన్నాడు.