రెండు సెంటీమీటర్లు తగ్గితే వద్దనడం మీ హక్కు

స్కూలు సెలవులు వస్తే శాండ్రింగ్‌హామ్ నుంచి మనుకౌలోని రెయిన్‌బోస్ ఎండ్‌కు వెళ్లే మనవాళ్లు రెండు రకాలు. టికెట్ కొని వెళ్లేవాళ్లు, జీతానికి వెళ్లేవాళ్లు. ఇది రెండోవాళ్ల కోసం రాస్తున్నాను. ఏ పార్కులోనైనా, ఏ జాతరలోనైనా రైడ్ దగ్గర ఎత్తు కొలిచే పనిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, అలాగే యజమాని పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే అక్కలు ఒక్కసారి చదవండి.

మన ఊళ్లో బస్సెక్కితే హాఫ్ టికెట్ కోసం పిల్లాడి వయసు తగ్గించి చెప్తాం. ఇక్కడ క్యూలో అదే పిల్లాణ్ణి మునివేళ్ల మీద నిలబడమంటాం! ఆ గీత టికెట్ కోసం పెట్టింది కాదండీ. సీటు, ఒళ్లోకి దిగే బార్, భుజాల మీది హార్నెస్, అన్నీ ఇంత సైజు మనిషి అని లెక్కేసి చేస్తారు. పొట్టి పిల్లకు బార్ సరిగ్గా ఆనదు, సందు మిగులుతుంది. రైడ్ ఒక్కసారిగా ఆగితే ఆ సందులోంచి జారిపోవచ్చు. "పక్కన నేనున్నాగా" అంటాడు తండ్రి. ఇద్దరికీ ఒకటే బార్ అయితే అది ఆయన తొడల దగ్గరే ఆగుతుంది, పిల్లకు జానెడు ఖాళీ ఉండిపోతుంది. పెద్దలు తోడుంటే ఎక్కించవచ్చని బోర్డు మీద రాసి ఉంటే సరే, లేకపోతే లేదు. ఎత్తులో కట్టుకునే హార్నెస్ వదులుగా ఉంటే ఏమవుతుందో సైట్లో పనిచేసే అన్నలకు నేను చెప్పక్కర్లేదు.

తిట్లు పడేది మాత్రం కొలిచే మనిషికే. గంట సేపు లైన్లో నిలబడ్డాం అంటారు, నీ మేనేజర్ని పిలువు అంటారు. ఒక్కోసారి ఆ మేనేజరే వచ్చి "పోనీలే, ఎక్కించెయ్" అంటాడు. అసలు చిక్కు అక్కడే.

2015 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ చట్టంలో 83వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. మీకు గానీ, వేరే ఎవరికైనా గానీ అప్పటికప్పుడు పెద్ద ప్రమాదం ఉందని మీరు నమ్మితే ఆ పని ఆపేయవచ్చు, చెయ్యనని చెప్పవచ్చు. "వేరే ఎవరికైనా" అన్న మాటలో ఆ పిల్ల కూడా ఉంది. ఆపిన సంగతి వీలైనంత త్వరగా యజమానికి తెలియజేయాలి, ఆయన వేరే పని ఇవ్వవచ్చు. దీనికి కక్షగట్టి ఉద్యోగం తీసేయడం, షిఫ్టులు కోసేయడం చట్టవిరుద్ధం. మీది వర్క్ వీసా అయినా, స్టూడెంట్ వీసా అయినా ఇదే చట్టం. అలా జరిగితే 90 రోజుల్లోగా పర్సనల్ గ్రీవెన్స్ యజమానికి అందాలి. రాతలో ఇవ్వడమే మంచిది.

పనిలో చేరిన రోజే శిక్షణ గట్టిగా అడగండి. 2016 అక్టోబరు 25న ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో థండర్ రివర్ ర్యాపిడ్స్ రైడ్ మీద నలుగురు చనిపోయారు. అక్కడ పనిలో ఉన్న ఒక అమ్మాయికి ఆ రైడ్ మీద అదే మొదటి రోజు. దగ్గరలోనే ఎమర్జెన్సీ బటన్ ఉంది, దాని సంగతి పట్టించుకోనక్కర్లేదని తనకు చెప్పారని ఆమె విచారణలో చెప్పింది. 2020లో కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. కాబట్టి ఏ బటన్ ఏం చేస్తుందో చూపించేదాకా ఒంటరిగా నిలబడకండి.

మాట పెరిగినప్పుడు వాదించొద్దు. "సారీ అండీ, రెండు సెంటీమీటర్లు తక్కువ, ఇది నేను మార్చగలిగేది కాదు" అంటే చాలు. పైవాళ్లు ఎక్కించమంటే టైము, రైడ్ పేరు, చెప్పినవారి పేరు రాసిపెట్టుకుని అదే రోజు వాళ్లకు మెసేజ్ పంపండి. తర్వాత మీకు సాక్ష్యం అదే. ప్రమాదకరమైన రైడ్ గురించి వర్క్‌సేఫ్‌కు 0800 030 040 నంబర్‌లో, ఉద్యోగ గొడవైతే ఎంప్లాయ్‌మెంట్ న్యూజీలాండ్‌కు 0800 20 90 20 నంబర్‌లో ఫోన్ చేయవచ్చు.

పిల్లల్ని చూసుకునే అక్కలకు ఇంకో మాట. 46వ సెక్షన్ ప్రకారం పార్కుకు వచ్చిన ప్రతి ఒక్కరూ భద్రత కోసం అక్కడివాళ్లు చెప్పే సబబైన సూచనలు పాటించాలి. "నా కొడుకుని ఎందుకు ఎక్కించలేదు" అని యజమానురాలు అడిగితే ఈ సంగతే చెప్పండి. ఇంకా సులువైనది, బయల్దేరే ముందే పిల్లాణ్ణి చెప్పులు లేకుండా గోడకి నిలబెట్టి ఆవిడ ముందే కొలవండి. పార్కు వెబ్‌సైట్‌లో రైడ్‌ల ఎత్తులు చూసి, ఏవి కుదరవో టికెట్లు కొనకముందే ఆవిడకి మెసేజ్ పెట్టేయండి.