తెన్నేటి విశ్వనాథం తొలి రాజకీయ ప్రస్థానం: ఒక పరిశీలన

విశాఖ ఉక్కు ఉద్యమ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెన్నేటి విశ్వనాథం (1895-1979) పేరు వినిపిస్తుంది. అయితే 1966 నాటి ఆయన నాయకత్వాన్ని విడి ఘట్టంగా పరిగణించడం సరికాదు. దాని మూలాలు 1951-54 మధ్యకాలంలో కనిపిస్తాయి.

స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లిన తెన్నేటి, 1951లో టంగుటూరి ప్రకాశం కాంగ్రెసును వీడినప్పుడు ఆయన వెంట నడిచారు. 1952లో కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ అభ్యర్థిగా విశాఖపట్నం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెసుకు ఆధిక్యం రాకపోయినా రాజాజీయే ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం వర్గం ప్రతిపక్షంలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగా, ప్రకాశం మంత్రివర్గంలో తెన్నేటి ఆర్థికశాఖను నిర్వహించారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంతో ఆ ప్రభుత్వం పతనమైంది.

ఈ స్వల్పకాలంలోనే అధికారపక్షాన్ని వీడి ప్రజల తీర్పు కోరడం, పదవిని పొందడం, కోల్పోవడం ఆయనకు అనుభవమయ్యాయి. 1967లో స్వతంత్ర అభ్యర్థిగా విశాఖ నుంచి లోక్‌సభకు గెలుపొందడం ఈ ధోరణికి కొనసాగింపే. ప్రకాశం ఆత్మకథ 'నా జీవితయాత్ర' చివరి సంపుటాన్ని తెన్నేటి పూరించడం వారి అనుబంధానికి సాక్ష్యం. కనుక ఉక్కు ఉద్యమంలో తెన్నేటి పాత్రపై అధ్యయనాన్ని 1951 నుంచే ప్రారంభించడం సముచితం.